మా కొండ మీదికి గాలిమరలు వస్తున్నాయి. కాలిబాట కోసం ఎవరిని, ఏమని అడగాలి?

కొండవార టీచర్

అందరికీ నమస్కారం. మాది శ్రీ సత్యసాయి జిల్లా, ధర్మవరం అవతల కొండల వారగా ఉన్న ఊరు. హైస్కూల్లో సోషల్ టీచర్ని. ఈ గ్రూపులో ట్రెక్కింగ్ చేసేవాళ్లు, గాలిమరల ఫీల్డులో పనిచేసేవాళ్లు ఇద్దరూ ఉన్నారని తెలిసి రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మా ఊరి వెనక కొండకు రెండున్నర కిలోమీటర్ల కాలిబాట ఉంది. ఊరి చివర చింతమాను దగ్గర మొదలవుతుంది. తంగేడు పొదల్లోంచి పోయి, పరుపుబండ ఎక్కి, సగం దూరంలో దోన దగ్గరికి చేరుతుంది. దోన అంటే తెలియనివాళ్ల కోసం చెబుతున్నా: బండలో తనంతట తాను ఏర్పడిన గుంట, వాననీళ్లు నిలుస్తాయి. మా దోన శివరాత్రి దాకా ఎండదు. అక్కడి నుంచి కొండ కొసన ఉన్న ఆంజనేయస్వామి గుడికి ఇంకో ముప్పావు గంట నడక. శ్రావణ శనివారాలు ఊరంతా ఎక్కుతుంది. మిగతా రోజుల్లో గొర్రెల కాపర్లు, నేను, మా పిల్లలు.

మా నాన్న ఈ కొండ మీదే గొర్రెలు కాశాడు. పరుపుబండ మీద ఒకచోట వాలు నిటారుగా ఉంటుంది. నన్ను మొదటిసారి తీసుకెళ్లినప్పుడు నాకు ఆరేళ్లు. "కింద చూడొద్దు, మెరిసే గీత మీద కాలు పెట్టు" అన్నాడు. నిజంగానే అక్కడ ఒక గీత ఉంది. ఎన్ని తరాల అడుగులు పడ్డాయో, జానెడు వెడల్పున బండ అరిగి నున్నగా తేలింది. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడితే నీళ్లు పోసినట్టు మెరుస్తుంది. పక్కన కాలు పెడితే గరుకు, దాని మీద పెడితే నునుపు. జారుతుందేమో అనిపిస్తుంది కానీ జారదు, అడుగు సరిగ్గా కుదురుకునేలా కొంచెం పల్లంగా ఉంటుంది. ఇప్పుడు ప్రతి కార్తీకంలో తొమ్మిదో తరగతి పిల్లల్ని తీసుకెళ్లి, నేనూ వాళ్లకు అదే మాట చెబుతాను. పైకెళ్లాక నోటు పుస్తకంలో నాలుగు దిక్కులూ గీయమంటాను. దక్షిణాన, గాలి తేటగా ఉన్న రోజున, పెనుకొండ. పడమర రామగిరి వైపు గాలిమరలు. అవి 90ల నుంచీ అక్కడ ఉన్నాయి కాబట్టి పిల్లలు వాటిని కూడా కొండల్లో భాగంగానే గీస్తారు.

రెండేళ్ల కిందట మా కొండ మీద గాలి కొలిచే సన్నటి స్తంభం ఒకటి నిలబెట్టారు. ఈ ఆషాఢంలో సర్వే వాళ్లు వచ్చి మేకులు కొట్టి ఎర్ర గుడ్డలు కట్టారు, గుండ్ల మీద పెయింటుతో నంబర్లు వేశారు. ఒక మేకు దోనకు కాస్త పైన, బాట పక్కనే ఉంది. ఇంకోటి గుడికీ మెరిసే గీతకీ మధ్య ఉన్న చదునులో ఉంది. ఎన్ని మరలు వస్తాయో, రోడ్డు ఏ పక్క నుంచి పోతుందో ఊళ్లో ఎవరికీ తెలియదు. అది అడవి శాఖ భూమి కాదు, రెవెన్యూ పోరంబోకు. వచ్చే నెల గ్రామసభ ఉంది.

ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. నేను గాలి కరెంటుకు వ్యతిరేకిని కాను. బొగ్గు కంటే గాలి మంచిదని క్లాసులో నేనే చెబుతాను. మొన్న ఒక పిల్ల లేచి అడిగింది: "మేడమ్, మంచిదని మీరే అన్నారు కదా, మరి మన కొండ మీద వద్దంటే ఎట్లా?" ఆ పిల్లకు నేను నిజాయితీగా జవాబు చెప్పాలి. అందుకే మీ అందరినీ అడుగుతున్నాను.

కొండ మీద మరలు వచ్చాక కాలిబాటకు అసలు ఏమవుతుంది? కనిపించే తీరు మారుతుందన్నది నాకు అర్థమవుతుంది, దానికి అలవాటు పడతామేమో కూడా. తిరుమలలో పాపవినాశనం వైపు వెళ్తే గాలిమరల దగ్గర ఆగి ఫొటోలు దిగేవాళ్లే ఎక్కువ. కానీ నడిచే దారి మిగులుతుందా? మిగలాలంటే ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఏ దశలో వెళ్లాలి? "ఆపండి" అని కాకుండా "ఇలా చేయండి" అని అడిగితే వినేవాళ్లు ఉంటారా?

కల్పవల్లి దగ్గరోడు

టీచర్ గారూ నమస్తే. మాది ముష్టికోవిల దగ్గర. మీరడిగిందానికి మా కొండలే జవాబు. మా కల్పవల్లి గురించి మీకు తెలిసే ఉంటుంది, మిగతావాళ్ల కోసం రాస్తున్నా. ఒకప్పుడు గుండ్లు తప్ప ఏమీ లేని కొండలు. 1990ల నుంచి టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లూ, చుట్టుపక్కల ఊళ్ల వాళ్లూ కలిసి కాపలా కాసి, నిప్పు పడకుండా చూసి, వేల ఎకరాల్లో చెట్టూ గడ్డీ మళ్లీ నిలబెట్టారు. వంకల పొడవునా ఈత చెట్లు వచ్చాయి. కప్పు వేసుకునే బోద గడ్డి వచ్చింది. కృష్ణజింకలు, తోడేళ్లు, ఎలుగుబంట్లు తిరిగొచ్చాయి. కాగితాల మీద మాత్రం అది పనికిరాని బంజరే. ఆ ఒక్క మాట వల్లే గాలిమరలకు తేలిగ్గా ఇచ్చేశారని మా ఊళ్ల వాళ్ల బాధ. విషయం 2013లో పర్యావరణ కేసులు చూసే చెన్నైలోని హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది.

మీరు మర కోసం చూస్తున్నారు మేడమ్. మీరు చూడాల్సింది రోడ్డు. మర నిలబడే చోటు కొంచెమే. కానీ దాన్ని పైకి మోయడానికి కొండ నడుము కోసి రోడ్డు వేస్తారు, ఆ తర్వాత ఒక మర నుంచి ఇంకో మరకు కొస పొడవునా వేస్తారు. కోసిన మట్టీ రాళ్లూ ఎక్కడ పోస్తారు? వాలు మీదికే తోసేస్తారు. కింద గడ్డి ఉందా, బాట ఉందా, వంక ఉందా అని జేసీబీ చూడదు. మొదటి పెద్ద వానకు ఆ మట్టి వంకలోకి, వంకలోంచి చెరువులోకి పోతుంది. ఎర్రనీళ్లు వచ్చాయని మా అమ్మ ఇంట్లోంచి చూసి చెప్పింది, కొండ దగ్గరికి పోకుండానే.

ఇంక కాలిబాట సంగతి. మా గొర్లు రోజూ ఎక్కే బాటను రోడ్డు అడ్డంగా కోసింది. పై పక్క రెండు ఆళ్ల ఎత్తు గోడలా నిలిచింది, కింద పక్క రాళ్ల కుప్ప. గొర్రె దూకదు, ముసలోళ్లు ఎక్కలేరు. అర కిలోమీటరు రోడ్డు మీదనే చుట్టు తిరిగి మళ్లీ బాట అందుకోవాలి. ఒకట్రెండేళ్లు అట్లా తిరిగితే పాత బాట మీద ముళ్లకంప మూసుకుపోతుంది. ఎవరూ మూసేయలేదు, నడిచేవాళ్లు లేక పోయింది. రోడ్డు వచ్చాక బండ్లు వస్తాయి. బయటివాళ్లు రాత్రిపూట బైకుల మీద పైదాకా వస్తారు, సీసాలు పగలగొట్టి పోతారు. ముందు కాళ్లతో ఎక్కినోళ్లే వచ్చేవాళ్లు.

అవి తిరగడం చూడ్డానికి నాకిప్పుడు అలవాటైపోయింది. దగ్గర నిలబడితే రెక్క కిందికి దిగినప్పుడల్లా ఊఁ... ఊఁ... అని ఊపిరి పీల్చినట్టు వస్తుంది, దానికీ అలవాటు పడ్డాం. బాట పోయినదానికి మాత్రం అలవాటు పడలేదు.

సైట్ సివిల్

నేను గాలిమరల ప్రాజెక్టుల్లో సివిల్ పని చేస్తాను. అనంతపురం, కర్నూలు, కర్ణాటకలో గదగ్, అన్ని చోట్లా చేశాను. పైన తమ్ముడు చెప్పింది నేను కాదనలేను. మట్టిని వాలు మీదికి తోయడం నా కళ్లతో చూశాను. నేను ఇంచార్జిగా ఉన్న చోట ఆపాను, లేని చోట ఆపలేకపోయాను. కాబట్టి పని ఎలా జరుగుతుందో లోపలి నుంచి చెబుతాను, మేడమ్‌కు పనికొస్తుంది.

కొండ కొసే ఎందుకంటే, మన దగ్గర కరెంటులో ఎక్కువ భాగం నైరుతి గాలి వీచే నెలల్లోనే వస్తుంది. ఆ గాలి కొండను ఢీకొని పైకి లేచేటప్పుడు కొస మీద వేగం పెరుగుతుంది. గాలిలో ఉండే శక్తి వేగానికి ఘనంలో పెరుగుతుంది కాబట్టి కొంచెం వేగం తేడా కూడా ఏడాది లెక్కలో చాలా పెద్దది. అందుకే మేకు పది అడుగులు జరపమంటే డిజైన్ వాళ్లు ముఖం ముడుస్తారు. కానీ జరుపుతారు. రాయి సరిగా లేదనో, క్రేన్ నిలబడే చోటు చాలదనో మేకులు జరగని సైటు నేను ఇంతవరకు చూడలేదు.

రోడ్డు వెడల్పు ఎందుకంటే, కొత్త మరల రెక్క ఒక్కొక్కటి 60 మీటర్లు దాటుతుంది. దాన్ని మోసే ట్రెయిలర్ మలుపు తిరగాలి. పెద్ద క్రేన్‌ను విప్పకుండా ఒక మర నుంచి ఇంకో మరకు నడిపించాలంటే పది పన్నెండు మీటర్ల వెడల్పు కావాలి. పని అయిపోయాక అంత అక్కర్లేదు, మెయింటెనెన్స్ జీపుకు నాలుగు మీటర్లు చాలు. మిగతాది మళ్లీ మట్టి పరిచి గడ్డి రానివ్వచ్చు. ఎవరూ అడగరు కాబట్టి చాలాచోట్ల అలాగే వదిలేస్తారు.

ఇప్పుడు కాగితాలు. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ పరిధిలోకి గాలిమరలు రావు. అంటే థర్మల్ ప్లాంటుకో గనికో జరిగినట్టు ప్రజాభిప్రాయ సేకరణ ఉండదు. మీకు పిలుపు వస్తుందని ఎదురుచూడకండి, రాదు. కేంద్ర పునరుత్పాదక ఇంధన మంత్రిత్వ శాఖ 2016 అక్టోబరులో ఇచ్చిన మార్గదర్శకాలు ఉన్నాయి. వాటి ప్రకారం ఇళ్ల గుంపుకు 500 మీటర్ల దూరం ఉండాలి, శబ్దం కోసం. పబ్లిక్ రోడ్డుకు, రైలు పట్టాలకు, కట్టడాలకు ఉండాల్సిన దూరానికి ఒక లెక్క ఇచ్చారు: స్తంభం ఎత్తు, దానికి రెక్కల చుట్టు వ్యాసంలో సగం కలిపి, ఇంకో 5 మీటర్లు. స్తంభం 120 మీటర్లు, వ్యాసం 130 అనుకోండి. 120, 65, 5 కలిపితే 190 మీటర్లు.

కాలిబాట అన్న మాట అందులో లేదు. ఇక్కడే మీరు పట్టుకోవాలి మేడమ్. మీ బాట కాగితం మీద దారిగా ఉందా లేదా అన్నదాన్ని బట్టి మీ మాటకు బరువు వస్తుంది. గ్రామ పటంలో కాలిబాటలను చుక్కల గీతలతో చూపిస్తారు. మీ సచివాలయంలో విలేజ్ సర్వేయర్ ఉంటాడు, అతని దగ్గర పటం చూడండి. భూముల రీసర్వే జరిగితే పాత పటం, కొత్త పటం రెండూ చూడండి. బాట ఉంటే తహసీల్దారుకు అర్జీ పెట్టి, ఈ దారి వాడుకలో ఉంది, భూమి ఇచ్చేటప్పుడు దీన్ని మినహాయించాలని రాయించండి. గుడి ఎలాగూ కట్టడమే, దానికి ఆ దూరం అడగడం న్యాయం.

అడగాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. రోడ్డు బాటను దాటే ప్రతిచోటా రెండు పక్కలా రాతిమెట్లు కట్టాలి. కోసిన మట్టి దోన ఉన్న వాలు మీద అసలు పోయకూడదు. రోడ్డు పక్క కాలువ నీళ్లను దోనకు వచ్చే దారిలోంచి మళ్లించకూడదు. ఇది చాలామందికి తట్టదు. దోన నిండేది పైన బండ మీద పడిన వానతో. పైన కాలువ తవ్వి ఆ నీళ్లు ఇంకో పక్కకు పంపేస్తే దోన ముట్టుకోకుండానే ఎండిపోతుంది. ఇంకోటి, మరల మధ్య 33 కేవీ లైను స్తంభాల మీద కాకుండా రోడ్డు వెంబడి భూమిలో వేయమనండి. కొండ మీద నిలబడి చూసేవాళ్లకు మర కంటే ఎక్కువ అడ్డం వచ్చేవి ఆ వైర్లే. ఖర్చు పెరుగుతుందంటారు, పెరుగుతుంది కూడా. అయినా అడగండి.

ఇవన్నీ పునాది తవ్వకముందే అడగాలి. ఒక్కో పునాదిలో వందల ఘనపు మీటర్ల కాంక్రీటు పోస్తారు. పోశాక దేవుడొచ్చినా జరగదు.

గ్లాస్గో శైలు

అక్కా, మాది ప్రొద్దుటూరు, ఇప్పుడు స్కాట్లాండ్‌లో ఉంటున్నాం. మీ పోస్ట్ చదివితే మా ఊరి కొండలు గుర్తొచ్చాయి. ఇక్కడి సంగతి చెబుతాను, మీ గ్రామసభలో ఉదాహరణగా పనికొస్తుందేమో.

గ్లాస్గోకు దక్షిణంగా వైట్‌లీ అని ఉంది. 215 మరలు, 539 మెగావాట్లు, బ్రిటన్‌లో భూమి మీద ఉన్నవాటిలో పెద్దది. మేము ఆదివారాలు నడవడానికి అక్కడికే వెళ్తాం. మరల కోసం వేసిన రోడ్లన్నీ నడిచేవాళ్లకు, సైకిళ్లకు, గుర్రాలకు తెరిచారు, మొత్తం 130 కిలోమీటర్లకు పైనే. మా పాపను బండిలో కూర్చోబెట్టుకుని తోసుకుంటూ వెళ్లిన మొదటి నడక అక్కడే. చలికాలంలో రెక్కల మీద మంచు పేరుకుంటే ముక్కలు పడతాయి, దగ్గరికి పోవద్దని బోర్డులు పెడతారు.

అయితే వైట్‌లీని చూసి మీ కొండ కూడా అలాగే అవుతుందని అనుకోవద్దు. అది చదునైన బురద నేల, సూది ఆకుల చెట్ల తోటలు. ముందు అక్కడ నడిచేవాళ్లే తక్కువ, అందుకే రోడ్డు వచ్చాక దారి పెరిగింది. మీ దగ్గర దారి ముందే ఉంది కాబట్టి రోడ్డు దాన్ని తినేస్తుంది. పైగా ఇక్కడ 2003 చట్టం ప్రకారం, ఇళ్ల ఆవరణల్లాంటి కొన్ని చోట్లు తప్ప, ఎవరి భూమి మీదైనా బాధ్యతగా నడిచే హక్కు అందరికీ ఉంది. గేటు పెట్టి తాళం వేయడం కుదరదు. మీ దగ్గర కంపెనీ గేటు పెడితే? ఆ ఒక్క మాట ముందే రాయించుకోండి.

ఇక్కడ కొన్ని చోట్ల అసలు కుదరదని ముందే గీత గీశారు. నేషనల్ పార్కుల్లో, నేషనల్ సీనిక్ ఏరియాలు అని గుర్తించిన 40 ప్రాంతాల్లో గాలిమరల ప్రాజెక్టులు పెట్టకూడదని 2014 నుంచి ప్లానింగ్ విధానంలోనే ఉంది. మిగతా చోట్ల దరఖాస్తుతో పాటు బొమ్మలు ఇవ్వాలి. ఫలానా కొండ కొస నుంచి, ఫలానా బాట మలుపు నుంచి చూస్తే మరలు ఎలా కనిపిస్తాయో ఫొటో మీద కొలతల ప్రకారం వేసి చూపించాలి. అవి లైబ్రరీలో పెడితే ఊళ్లోవాళ్లు చూసి రాస్తారు. నేను ఒకసారి అలాంటిది చూశాను. ఏదో ప్లాను అనుకుని వెళ్లినదాన్ని, నాకు తెలిసిన కొండ ఫొటో మీద తెల్లటి గీతలు చూసేసరికి చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

మీ పిల్లలు గీసిన నోటు పుస్తకాలు ఉన్నాయన్నారు కదా అక్కా. అవే మీ బొమ్మలు. ఏయే చోట నిలబడి గీశారో గుర్తుపెట్టి, అక్కడి నుంచే ఫొటోలు తీయండి. ఇక్కడి నుంచి మాకు ఏం కనిపిస్తుందో మీరు చూపించండి అని కంపెనీని అడగండి.

సహ్యాద్రి నడక

నేను పుణెలో ఉంటాను, పదిహేనేళ్లుగా సహ్యాద్రి కొండలు తిరుగుతున్నాను. నా మాట కొంచెం కటువుగా ఉంటుంది, క్షమించండి. మెట్లు కట్టండి, వైర్లు పూడ్చండి అని బేరం మొదలుపెడితే కొండ ఇచ్చేశామని ఒప్పుకున్నట్టే. ముందు "ఈ కొండే ఎందుకు" అని అడగాలి.

సతారా దగ్గర చాల్కెవాడి అనే పీఠభూమి ఉంది, తోసేఘర్ జలపాతం దాటి. వానాకాలంలో వెళ్తే మబ్బులో నడుస్తున్నట్టే ఉంటుంది, కాళ్ల కింద రాతి మీద వేలెడు ఎత్తు పూలు. దాని మీద ఇరవై ఏళ్లకు పైగా గాలిమరలు ఉన్నాయి. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ (ఐఐఎస్‌సీ) వాళ్లు అక్కడ చేసిన పరిశోధన 2018లో వచ్చింది. మరలున్న చోట గద్దల్లాంటి వేటపక్షులు, మరలు లేని చోటితో పోలిస్తే, నాలుగో వంతుకు పడిపోయాయి. వాటి భయం లేక గొంతు కింద రంగు విసనకర్ర ఉండే ఒక రకం తొండలు బాగా పెరిగిపోయాయి. పెరగడం మంచిదేగా అనుకోవచ్చు, కానీ వాటి ఒంటి పరిస్థితి, ప్రవర్తన కూడా మారాయి, మనిషి దగ్గరికి వచ్చినా త్వరగా పారిపోవు. పైన ఒక పక్షి తగ్గితే కింద రాతి మీద తొండ కూడా మారిపోతుంది. దారి ఒక్కటి మిగిలితే చాలనుకోవడం నాకు నచ్చదు. దారి వెంబడి ఉన్నది కూడా మిగలాలి కదా.

రామగిరిలో 90ల నాటి చిన్న మరలు ఉన్నాయని మీరే రాశారు. పాత చిన్న మరలు తీసేసి అక్కడే పెద్దవి పెట్టడానికి 2023 డిసెంబరులో కేంద్రం కొత్త విధానం ఇచ్చింది. అక్కడ రోడ్లు ఉన్నాయి, కొండ ఇప్పటికే కోసేశారు. ముందు అవి మార్చి, ఆ తర్వాత కొత్త కొండ ఎక్కమనండి.

సైట్ సివిల్

పుణె మిత్రమా, పాతవాటిని మార్చాలన్న మాట నిజమే, నేనూ ఒప్పుకుంటాను. కానీ పాత మరలు ఒక కంపెనీవి, మేకులు కొట్టింది ఇంకో కంపెనీ. ఊరి గ్రామసభ ఆ రెండింటినీ కలపలేదు. మేడమ్‌కు నెల రోజులే టైముంది. రెండూ అడగనివ్వండి. మొదటిది ఒప్పుకోకపోతే రెండోది చేతిలో ఉండాలి.

కొండవార టీచర్

రెండు వారాలైంది రాసి. అందరికీ దండాలు. మీరు చెప్పినట్టే చేశాను, ఏమైందో చెప్పాలి.

ముందు పటం. మా ఊళ్లో రీసర్వే ఇంకా కాలేదు. విలేజ్ సర్వేయర్ చాలా చిన్నబ్బాయి, నా పాత స్టూడెంటే. పాత గ్రామ పటం టేబుల్ మీద పరిచాడు, మడతల దగ్గర గుడ్డ అంటించి ఉంది. చింతమాను దగ్గర నుంచి చుక్కల గీత కనిపించింది. నాకు గుండె దడదడలాడింది. వేలితో దాని వెంట పోయాను. పరుపుబండ దాటింది, దోన దగ్గర చిన్న గుండ్రం ఉంది, అక్కడ ఆగిపోయింది. గుడి దాకా లేదు. ఆ పటం గీసిన కాలంలో గుడి లేదో, కొలిచినవాళ్లు నీళ్ల దాకానే వెళ్లారో. సగం బాట కాగితం మీద ఉంది, సగం మా కాళ్ల కింద మాత్రమే ఉంది.

ఆ సగం కోసం ఆదివారం పదకొండు మంది పిల్లలతో ఎక్కాను. ఇద్దరి ఫోన్లలో నడిచిన దారి నమోదయ్యేలా పెట్టుకున్నాం. ముగ్గురు కాపర్లు కూడా వచ్చారు. వాళ్లలో పెద్దాయనకు ఎనభై దాటాయి, దోన నుంచి గుడి దాకా ప్రతి గుండుకూ ఒక పేరు చెప్పాడు. పిల్లలు అన్నీ రాసుకున్నారు. అన్నేళ్లు ఎక్కాను కానీ ఆ పేర్లలో సగం నాకే తెలియవు. మెరిసే గీతను "అవ్వ మెట్టు" అంటారట. మా నాన్న ఆ పేరు నాకు చెప్పలేదు, ఎందుకో.

శైలూ, నువ్వు చెప్పిన ఫొటోలు ఐదు చోట్ల తీశాం. పిల్లల బొమ్మల పక్కన పెట్టి ఒక ఫైలు చేశాం. తహసీల్దారు ఆఫీసులో అర్జీతో పాటు ఇచ్చాను, తీసుకుని రసీదు ఇచ్చారు. గేటు మాట, మెట్ల మాట, మట్టి మాట, దోనకు వచ్చే నీళ్ల మాట అన్నీ రాశాను. పుణె తమ్ముడు చెప్పిన మాటే మొదటి పేరాలో పెట్టాను, పాత చోట ముందు మార్చి తర్వాత రండని. నాకు అది చాలా సరైన మాట అనిపించింది. క్లాసులో అడిగిన పిల్లకు కూడా అదే చెప్పాను: గాలి మంచిదే, ఎక్కడ పెడుతున్నాం, ఎట్లా పెడుతున్నాం అన్నది మనం అడగాలి. "అడిగితే వింటారా మేడమ్" అంది. తెలియదమ్మా, అడగకపోతే మాత్రం వినరు అన్నాను.

కల్పవల్లి తమ్ముడూ, మీ ఊరి నుంచి ఎవరైనా పెద్దవాళ్లు మా గ్రామసభకు వచ్చి ఎర్రనీళ్ల సంగతి నోటితో చెబితే బాగుంటుంది. నేను చదివి వినిపిస్తే అది టీచర్ చెప్పే పాఠంలా ఉంటుంది. వచ్చి పోవడానికి బండి మేము చూసుకుంటాం.

సివిల్ సార్, మీకు ఒక ప్రశ్న. సర్వేయర్ అబ్బాయి దగ్గర టేపు తీసుకుని మేకు నుంచి బాటకు కొలిచాం. దోన పైనున్న మేకు 64 మీటర్లు. గుడి కిందున్న మేకు గుడి గోడకు 140, బాటకు 31. మీరు చెప్పిన 190 స్తంభం మధ్య నుంచి లెక్కా, పునాది అంచు నుంచా? ఆ మేకు మధ్యన కొట్టినదా, మూలన కొట్టినదా? గ్రామసభలో ఎవరైనా అడిగితే నేను తడబడకూడదు.

సైట్ సివిల్

స్తంభం మధ్య నుంచే మేడమ్. మామూలుగా ఎర్ర గుడ్డ కట్టిన మేకు మధ్యదే అవుతుంది, చుట్టూ ఇంకో నాలుగు చిన్న మేకులు ఉన్నాయేమో చూడండి. ఉంటే అవి క్రేన్ నిలబడే చోటివి, వాటి నుంచి కూడా బాటకు దూరం కొలవండి. మట్టి కోసేది అక్కడే ఎక్కువ. గ్రామసభ తారీఖు చెప్పండి, ఆదివారమైతే నేను వస్తాను.

కల్పవల్లి దగ్గరోడు

మా అమ్మ వస్తానంది మేడమ్.